రెండు నెలల ఇరవై నాలుగు రోజులు

10.7, 7.9. ఈ రెండు అంకెల మధ్య తేడా 2.8 నెలలు. రోజుల్లో చెప్పుకుంటే రెండు నెలల ఇరవై నాలుగు రోజులు. ముదిరిపోయిన కాలేయ క్యాన్సర్‌లో ఒక మందు, మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోటీపడి సాధించిన తేడా అది. 2008 జులైలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ ఫలితం అచ్చయింది. మందు పేరు సొరాఫెనిబ్. అంతకు ముందు ఎన్ని కీమో మందులు ప్రయత్నించినా, ఆ దశలో ఆయుష్షు పెంచుతుందని గట్టిగా రుజువైనది ఒక్కటీ లేదు.

నేను డాక్టర్ని కాను. కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. ఉండేది హైదరాబాద్, ఊరు కోనసీమలో కాట్రేనికోన. ఈ మందు కథ నన్ను పట్టుకోడానికి కారణం, ఇందులో రెండు పరీక్షలు కాదు, మూడు ఉన్నాయి. మొదటిది పాశ్చాత్య దేశాల ఆసుపత్రుల్లో జరిగింది. రెండోది తూర్పు ఆసియాలో. మూడోది ఆసుపత్రిలో కాదు, ముంబయి పేటెంట్ ఆఫీసులో. అక్కడ వాదించింది ఒక హైదరాబాద్ కంపెనీ. మూడూ కలిపి చదివితే తప్ప, మందు 'పనిచేస్తుంది' అనే మాటకి అర్థం పూర్తిగా తెలీదు.

అసలు మందుని పరీక్షించడం అంటే ఏంటి? గోదావరి వాళ్ళం కదా, ఈ ప్రశ్న యల్లాప్రగడ సుబ్బారావు గారి దగ్గర మొదలుపెట్టడమే న్యాయం. 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరుల్లో ఇద్దర్ని తీసుకుపోయింది. అదే జబ్బు ఆయన్నీ పట్టుకుంటే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారు బతికించారు. తర్వాత అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దానికి వ్యతిరేకంగా పనిచేసే అమినాప్టెరిన్ కూడా అక్కడిదే. ఆ మందుని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న పదహారు మంది పిల్లలకిచ్చి చూశాడు. పదిమందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ వ్యాసం వచ్చింది. ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు.

పదహారు మంది పిల్లలు. పోల్చి చూడ్డానికి ఇంకో గుంపు లేదు, ఉత్తుత్తి మాత్ర లేదు. చావు తప్ప వేరే దారి లేని జబ్బులో ఒక్క బిడ్డ లేచి ఆడుకున్నా అది కళ్ళకి కనిపిస్తుంది కాబట్టి సరిపోయింది. కానీ తేడా కొన్ని వారాలే అయినప్పుడు కళ్ళు చాలవు. అదే 1948 అక్టోబర్‌లో బ్రిటన్ నుంచి క్షయకి స్ట్రెప్టోమైసిన్ పరీక్ష ఫలితాలొచ్చాయి. అందులో ఎవరికి మందు, ఎవరికి విశ్రాంతి మాత్రమే అన్నది డాక్టర్ ఇష్టానికి వదల్లేదు. మూసిన కవర్లలో ముందే రాసిపెట్టారు. లాటరీ అన్నమాట. ఇప్పటి మందుల పరీక్షలన్నీ ఆ కవర్లకి వారసులే.

సొరాఫెనిబ్ దగ్గరికి వద్దాం. ఇది జర్మనీకి చెందిన బేయర్, అమెరికాకి చెందిన ఓనిక్స్ కంపెనీలు కలిసి తెచ్చిన మందు. పాత కీమో మందులు వేగంగా పెరిగే ప్రతి కణాన్నీ కొడతాయి. అందుకే జుట్టు ఊడుతుంది, నోరు పూస్తుంది. ఇది గురి చూసి కొట్టే రకం. కణం లోపల 'పెరుగు' అనే కబురుని ఒకదాన్నుంచి ఒకటి అందుకుని మోసే ప్రోటీన్లుంటాయి. వాటిలో రాఫ్ ఒకటి. మందు పేరు మధ్యలో ఉన్న 'రాఫ్' అదే. పని మొదలుపెట్టినప్పటి గురి అది. తర్వాత చూస్తే, కణితికి కొత్త రక్తనాళాల్ని పెంచే ప్రోటీన్ల మీద కూడా ఇది గట్టిగానే పనిచేస్తోందని తేలింది. అమెరికాలో 2005 డిసెంబర్‌లో ముందు కిడ్నీ క్యాన్సర్‌కి అనుమతి వచ్చింది.

కాలేయానికి పరీక్ష 2005 మార్చిలో మొదలైంది. దాని పేరు షార్ప్. యూరప్, ఉత్తర, దక్షిణ అమెరికాలు, ఆస్ట్రేలియా ప్రాంతం కలిపి 602 మంది రోగులు. 299 మందికి మందు, 303 మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. ఎవరు ఏది మింగుతున్నారో రోగికీ తెలీదు, డాక్టర్‌కీ తెలీదు. మోతాదు పొద్దున రెండు మాత్రలు, సాయంత్రం రెండు. మధ్యలో లెక్క చూసినప్పుడే తేడా స్పష్టంగా ఉండటంతో 2007లో పరీక్షని ముందే ఆపేశారు.

10.7 నెలలు, 7.9 నెలలు అంటే సగటు కాదు, మీడియన్. ఆ గుంపులో సగం మంది అంతకు ముందే పోయారు, మిగతా సగం మంది ఆ తర్వాత కూడా ఉన్నారు అని. ఇందులో ఇంకో విషయం ఉంది. కణితి బాగా కుంచించుకుపోయినవాళ్ళు మందు గుంపులోనూ నూటికి ఇద్దరే. మందు కణితిని కరిగించలేదు, దాని నడక నెమ్మది చేసింది. దానికి బదులుగా విరేచనాలు, అరిచేతులూ అరికాళ్ళూ మంటలెత్తి పొక్కడం. బతుకు కొంచెం పొడుగైంది కానీ, సుఖంగా పొడుగవలేదు.

రెండో పరీక్ష చైనా, దక్షిణ కొరియా, తైవాన్‌లలో జరిగింది. 226 మంది. ఫలితం 2009లో లాన్సెట్ ఆంకాలజీలో వచ్చింది. మందు తీసుకున్నవాళ్ళకి 6.5 నెలలు, ఉత్తుత్తి మాత్రవాళ్ళకి 4.2 నెలలు. చావు ప్రమాదం ఎంత తగ్గిందో చెప్పే నిష్పత్తి షార్ప్‌లో 0.69, ఇక్కడ 0.68. అంటే మందు రెండు చోట్లా ఒకేలా పనిచేసింది. కంపెనీకి కావలసిన వాక్యం ఇదే. వ్యాసం సారాంశం చదివేవాళ్ళు ఇక్కడ ఆగిపోతారు.

ఆగకుండా ఆ నాలుగు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. పాశ్చాత్య దేశాల్లో ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళ మీడియన్ 7.9 నెలలు. ఆసియాలో అసలు మందు మింగినవాళ్ళది 6.5. ఏ మందూ అందని అక్కడి రోగి, మందు అందిన ఇక్కడి రోగి కన్నా ఎక్కువకాలం ఉన్నాడు.

రెండు వేర్వేరు పరీక్షల అంకెల్ని ఇలా నేరుగా పోల్చకూడదని గణాంకాలు తెలిసిన ఎవరైనా అంటారు. రోగులు ఒకలాంటివాళ్ళు కాదు కాబట్టి. నిజమే, నేను చెప్పేదీ అదే. రోగులు ఒకలాంటివాళ్ళు కాదు. ఆసియా పరీక్షలో చేరేనాటికే ఎక్కువమందికి జబ్బు కాలేయం దాటి బయటికి పాకింది. సుమారు నలుగురిలో ముగ్గురికి హెపటైటిస్ బి ఉంది. పరుగు పందెంలో బూట్లు ఇద్దరికీ ఒకటే ఇచ్చారు, గీత మాత్రం ఒకరికి పది అడుగులు వెనక గీశారు.

ఆ గీత ఎక్కడుందో చెప్పే కొలత ఒకటుంది. చైల్డ్-పూ అంటారు. కామెర్ల స్థాయి, రక్తంలో ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే వేగం, పొట్టలో నీరు, మెదడు మందగించడం - ఈ అయిదింటికీ మార్కులేసి కాలేయాన్ని ఎ, బి, సి తరగతుల్లో పెడతారు. రెండు పరీక్షల్లోనూ తీసుకున్నది దాదాపు అందర్నీ ఎ తరగతి వాళ్ళనే. కారణం లేకపోలేదు. కాలేయమే పాడైపోయి చనిపోయేవాళ్ళుంటే మందు ప్రభావం లెక్కలో మరుగునపడుతుంది. పరీక్ష శుభ్రంగా ఉండాలంటే అలాంటివాళ్ళని పక్కన పెట్టాలి.

మా వృత్తిలో దీనికి దగ్గరి పోలిక ఉంది. స్టేజింగ్ సర్వర్ మీద అన్ని టెస్టులూ పాసైన కోడ్, ప్రొడక్షన్‌లోకి వెళ్ళాక పాత ఫోన్లూ తెగిపోయే నెట్‌వర్కూ ఎదురైతే వేరేలా ప్రవర్తిస్తుంది. టెస్టులు తప్పని కాదు. టెస్టులు అడిగిన ప్రశ్న వేరు. సొరాఫెనిబ్ బయటికొచ్చాక మామూలు రోగుల్లో ఎలా ఉందో చూడ్డానికి 2009 నుంచి గిడియన్ అనే అధ్యయనం చేశారు. మూడు వేల పైచిలుకు మంది. ఎ తరగతి వాళ్ళు 13.6 నెలలు ఉన్నారు. బి తరగతి 5.2. సి తరగతి 2.6. అందరూ మింగింది అదే మాత్ర.

ఇప్పుడు కాట్రేనికోన. పటం మీద గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉంటుంది. కొబ్బరి తోటలు, వరి చేలు, రొయ్యల చెరువులు. ఇంకా కిందకి పోతే పల్లం, బలుసుతిప్ప లాంటి వేటకారుల ఊళ్ళు, మడ అడవులు. పెద్ద జబ్బొస్తే ముందు అమలాపురం, ఆ తర్వాత కాకినాడ. కాకినాడ వెళ్ళాలంటే మురమళ్ళ మీదుగా ఎదుర్లంక చేరి గౌతమి దాటాలి. 2002లో యానాం-ఎదుర్లంక వంతెన వచ్చేదాకా పంటు మీద దాటేవాళ్ళు. పంటు అవతలి ఒడ్డున ఉంటే అది వచ్చేదాకా రోగి కూడా రేవులోనే. వంతెనకి ఆ ఊరివాడే అయిన బాలయోగి గారి పేరు పెట్టుకున్నారంటే, ఆ నీళ్ళు దాటడం ఇక్కడి జనానికి ఎంత పెద్ద సంగతో అర్థమవుతుంది.

వంతెన దారి తగ్గించింది. కానీ జబ్బుకి ఆసుపత్రికి మధ్య ఇంకా చాలా రేవులున్నాయి. కాలేయ క్యాన్సర్ మొదట్లో నొప్పి పుట్టించదు. అన్నం సయించకపోతే గ్యాస్ అనుకుంటాం. కళ్ళు పచ్చబడితే కామెర్లకి పసరు పోసేవాళ్ళ దగ్గరికి వెళ్తాం. పొట్ట ఉబ్బాక గానీ స్కాన్ మాట రాదు. 2015లో మా పెదనాన్నకి ఇలాగే అయింది. ఆసుపత్రిలో ఆ పూట ఆయన తరగతి సి అని తేలింది. మందు అప్పటికి చవకైపోయింది, ఆ సంగతి పేపర్లలో చదివి మా పెద్దమ్మకి నేనే చెప్పాను. ఆవిడ అడిగింది: "మందు దొరుకుతుందంటన్నావు కదరా, మరి వెయ్యరేంటి?" డాక్టర్ వెయ్యకపోవడం సరైన నిర్ణయమే. ఆ దశలో ఆ మాత్ర బాధ పెంచుతుందే తప్ప రోజులు పెంచదు. కానీ మా పెద్దమ్మ ప్రశ్న కూడా సరైనదే. షార్ప్ పరీక్ష ఆ ప్రశ్నని ముందే పక్కన పెట్టేసింది.

మందు చవకైంది అన్నాను. అదే మూడో పరీక్ష కథ.

1970 పేటెంట్ చట్టం మందుల తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చేది, మందుకి కాదు. వేరే దారిలో అదే మందు చేసుకోవచ్చు. బాలానగర్‌లో ఐడీపీఎల్ ఫ్యాక్టరీ నీడలో పెరిగిన హైదరాబాద్ మందుల పరిశ్రమ ఆ వెసులుబాటు మీదే నిలబడింది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం వల్ల 2005లో చట్టం మారింది. మందుకే పేటెంట్ వచ్చింది. 2008 మార్చిలో సొరాఫెనిబ్ మీద బేయర్‌కి మన దేశంలో పేటెంట్ దక్కింది. నెలకి సరిపడే 120 మాత్రల ధర 2,80,428 రూపాయలు. 2.8 నెలల ఆయుష్షు, నెలకి 2.8 లక్షలు. కాకతాళీయమే, కానీ ఒకసారి కనిపించాక మర్చిపోలేం. షార్ప్‌లో రోగులు మందు వాడిన కాలం మీడియన్ అయిదు నెలల పైచిలుకు. ఆ లెక్కన ఒక రోగికి పద్నాలుగు లక్షలు. కోనసీమలో అది ఇల్లో, చేనో.

1981లో నన్నపనేని వెంకయ్య చౌదరి గారు హైదరాబాద్‌లో మొదలుపెట్టిన నాట్కో కంపెనీ, 2010 డిసెంబర్‌లో మాకు లైసెన్స్ ఇవ్వండని బేయర్‌కి రాసింది. కాదన్నారు. చట్టంలో 84వ సెక్షన్ ఉంది. పేటెంట్ ఇచ్చి మూడేళ్ళు దాటాక, మూడింటిలో ఏ ఒక్కటి రుజువైనా వేరేవాళ్ళు తప్పనిసరి లైసెన్స్ అడగొచ్చు. జనం అవసరం తీరకపోవడం, అందుబాటు ధరకి దొరక్కపోవడం, ఆవిష్కరణ మన దేశంలో ఆచరణలోకి రాకపోవడం. 2011 జులైలో నాట్కో దరఖాస్తు పెట్టింది.

బేయర్ వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. పరిశోధనకి డబ్బు కావాలి. ఓడిపోయిన పది మందుల ఖర్చు గెలిచిన ఒక్క మందు మోయాలి. లేనివాళ్ళకి సాయం చేసే పథకం మాకుంది అన్నారు. పైగా సిప్లా కంపెనీ ఇదే మందుని తక్కువకి అమ్ముతోంది కదా, ఇంక కొరత ఎక్కడిది అన్నారు. అది గమ్మత్తైన వాదన. ఎందుకంటే సిప్లా మీద పేటెంట్ ఉల్లంఘన కేసు వేసిందీ బేయరే.

2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ తీర్పిచ్చారు. మూడు కారణాలూ రుజువయ్యాయన్నారు. నాట్కో ధర 120 మాత్రలకి 8,880 రూపాయలు దాటకూడదు. అమ్మకాల మీద బేయర్‌కి ఆరు శాతం రాయల్టీ కట్టాలి. ఏడాదికి కనీసం 600 మంది పేద రోగులకి ఉచితంగా ఇవ్వాలి. దేశంలో మొదటి తప్పనిసరి లైసెన్స్ ఇది. బేయర్ అప్పీలుకి వెళ్తే 2013 మార్చిలో ట్రిబ్యునల్ రాయల్టీని ఏడు శాతానికి పెంచి మిగతాది ఖాయం చేసింది. 2014 జులైలో బొంబాయి హైకోర్టూ అదే అంది. ఆ డిసెంబర్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది.

ఆ మధ్యలో, 2013 చివర్లో, బేయర్ అధిపతి మరైన్ డెకర్స్ ఒక సభలో అన్న మాట ప్రపంచమంతా తిరిగింది. ఈ మందు మేం భారతీయుల కోసం చెయ్యలేదు, కొనగలిగే పాశ్చాత్య రోగుల కోసం చేశాం అన్నది దాని సారాంశం. తర్వాత ఆయన విచారం వ్యక్తం చేశాడు. తిట్టుకోడానికి ఆ మాట బాగానే పనికొచ్చింది. నాకైతే అందులో కోపం కన్నా సమాచారం ఎక్కువ కనిపిస్తుంది. షార్ప్ పరీక్షలో రోగుల్ని ఏ దేశాల నుంచి తీసుకున్నారో చూస్తే, ఆయన కొత్తగా చెప్పిందేమీ లేదు. పరీక్షలో ఎవరున్నారో చూస్తే మందు ఎవరి కోసమో సగం తెలిసిపోతుంది.

నాట్కో గెలుపు తెలుగువాళ్ళుగా గర్వపడాల్సిందే. కానీ దాన్ని ఒక యుగారంభం అనుకుంటే పొరపాటు. ఆ తర్వాత మన దేశంలో ఇంకో తప్పనిసరి లైసెన్స్ రాలేదు. హైదరాబాద్ కంపెనీయే అయిన లీ ఫార్మా మధుమేహం మందు ఒకదానికి అడిగితే 2016లో తిరస్కరించారు. ఈలోపు వైద్యం ముందుకి కదిలింది. 2020లో ఇంబ్రేవ్ 150 అనే పరీక్ష ఫలితం వచ్చింది. అందులో కొత్తగా వచ్చిన రెండు ఇంజెక్షన్ల జంటకి పోటీగా నిలబెట్టింది ఉత్తుత్తి మాత్రని కాదు, సొరాఫెనిబ్‌ని. ఏడాది తర్వాత బతికున్నవాళ్ళు కొత్త మందుల గుంపులో 67.2 శాతం, సొరాఫెనిబ్ గుంపులో 54.6 శాతం. ఒకప్పటి విజేత ఇప్పుడు కొలబద్ద అయింది. అక్కడా తీసుకున్నది ఎ తరగతి వాళ్ళనే.

అయితే మందుల పరీక్షలు మనకి పనికిరావా? నా అభిప్రాయం అది కాదు. ఆ కవర్లూ ఉత్తుత్తి మాత్రలూ లేకపోతే 2.8 నెలల తేడా ఎప్పటికీ తెలిసేదే కాదు, పసరుకీ మాత్రకీ తేడా చెప్పే దారి ఉండేది కాదు. కానీ పరీక్ష ఒక ప్రశ్నకే జవాబిస్తుంది: వేళకి వచ్చి, మందు అందిన మనిషికి ఇది మేలు చేస్తుందా? ఆ వాక్యంలో 'మందు అందిన' అన్న మాట కోసం హైదరాబాద్ కంపెనీ నాలుగేళ్ళు పోరాడింది. 'వేళకి వచ్చి' అన్న మాట కోసం పోరాడిన చరిత్ర కూడా ఉంది. దానికి అంత పేరు రాలేదు.

అదీ హైదరాబాద్‌దే. వరప్రసాద రెడ్డి గారు 1993లో పెట్టిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో హెపటైటిస్ బి టీకాని దేశంలోనే తయారుచేసి అమ్మింది. అప్పటిదాకా ఆ టీకా దిగుమతి సరుకు, మామూలు జనానికి అందని ధర. హెపటైటిస్ బి కాలేయ క్యాన్సర్‌కి ముఖ్యమైన కారణాల్లో ఒకటి. తైవాన్ 1984లోనే పుట్టిన పిల్లలకి ఈ టీకా వెయ్యడం మొదలుపెట్టింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్లో కాలేయ క్యాన్సర్ లక్షకి 0.70 నుంచి 0.36కి, అంటే దాదాపు సగానికి పడిపోయిందని 1997లో లెక్క తేలింది. మన దేశంలో 2002లో కొన్నిచోట్ల ప్రయోగంగా మొదలై, 2011 తర్వాత గానీ దేశమంతటా పిల్లల టీకాల పట్టికలోకి రాలేదు. తైవాన్ కన్నా పాతికేళ్ళకి పైగా వెనక.

ఆ పాతికేళ్ళలో పుట్టినవాళ్ళం మేం. మా ఈడువాళ్ళలో చాలామందికి చిన్నప్పుడు ఆ టీకా లేదు. మా కాలేయాలు ఏ తరగతిలో ఉన్నాయో తెలుసుకోడానికి లక్షల మందులక్కర్లేదు. హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష ఒకటి చాలు. ఉందని తేలితే వైరస్‌ని అదుపులో పెట్టే మాత్రలున్నాయి, ఆరు నెలలకోసారి చేయించుకునే స్కాన్ ఉంది. లేదని తేలితే పెద్దవాళ్ళకి కూడా టీకా ఉంది. ఈ పరీక్ష అమలాపురంలోనూ చేస్తారు, గౌతమి దాటక్కర్లేదు.